దిండులో తప్పు లేదు

ఆ బస్సు డిపోలో సీట్లక్క అంటే తెలియని మనిషి లేడు. కన్నవాళ్లు పెట్టిన పేరు వేరే ఉండే ఉంటుంది కానీ, జీతాల గుమస్తా తప్ప దాన్ని వాడిన పాపాన ఎవరూ పోలేదు. గ్యారేజీ వెనకాల, అరిగిపోయిన టైర్ల గుట్ట పక్కన, రేకుల కప్పు కింద పొడవాటి గది ఒకటి ఉంది. చిరిగిన బస్సు సీట్లన్నీ చివరికి అక్కడికే చేరతాయి. పాత రెగ్జిన్ ఒలిచి, పీలికలైన స్పాంజి పీకేసి, కొత్తది పరిచి, పైన తొడుగు బిగించి కుట్టడం ఆమె పని. ఆమె చేతి కుట్టు పడ్డ సీటు చిరగాలంటే ప్రయాణికుడు ఇంటి నుంచి బ్లేడు తెచ్చుకోవాల్సిందే.

నోరు కూడా ఆ కుట్టంత గట్టిది. సీట్లు ఎప్పటికిస్తావని డిపో మేనేజరు ఓసారి గుమ్మం దాకా వచ్చి కాస్త గొంతు పెంచాడు. తొందరగా ఉంటే మీరొచ్చి మిషను మీద కూర్చోండి, నేను వెళ్లి మీ కుర్చీలో కూర్చుంటాను, ఎవరి పని ముందు పాడవుతుందో చూద్దాం అంది ఆమె, సూది మీంచి చూపు తిప్పకుండానే. ఆయన మళ్లీ ఆ గుమ్మం తొక్కలేదు. కావలసినవి ప్యూను చేత అడిగించుకునేవాడు.

అయితే ఆమెకు పేరు తెచ్చిపెట్టినవి ప్రయాణికుల సీట్లు కావు, డ్రైవర్ల దిండ్లు. పొద్దస్తమానం ఇంజను సెగ మీద, గతుకుల రోడ్ల మీద కూర్చునే వాళ్లు కదా. దొడ్డికి వెళ్లినప్పుడు రక్తం కనపడటం ఆ డిపోలో జలుబు చేసినంత మామూలు. మొలలని వాళ్లే పేరు పెట్టుకుంటారు, వాళ్లే ఖాయం చేసుకుంటారు. డాక్టరు దగ్గరికి వెళ్లి ప్యాంటు విప్పడం కన్నా సీట్లక్క దగ్గరికి వచ్చి తల వంచుకోవడం వాళ్లకు తేలిక. "అక్కా, నాకూ ఒకటి..." అని నీళ్లు నమిలితే చాలు, ఆమె మిగతాది అడగదు. కొలత కంటితోనే తీసేస్తుంది. అడుగున గట్టి పీచు, పైన మెత్తటి స్పాంజి, మధ్యలో నాలుగు వేళ్లు పట్టేంత ఖాళీ పెట్టి గుండ్రటి దిండు కుట్టి చేతిలో పెడుతుంది.

ఆ దిండుకు డిపోలో సింహాసనం అని పేరు. దాన్ని సీటు మీద వేసుకుని డ్రైవరు మొదటిసారి కూర్చున్న పొద్దున, యార్డులో ఉన్న బళ్లన్నీ ఒక్కసారిగా హారన్ కొడతాయి. దానికేమో పట్టాభిషేకం అని పేరు. ఏ పుణ్యాత్ముడు మొదలుపెట్టాడో గానీ, సిగ్గుతో చితికిపోవాల్సిన విషయాన్ని నవ్వులాట చేసి పెట్టాడు. అంతవరకూ మంచిదే. ఆ నవ్వుల్లో పడి అది ఒంట్లో బాగోలేకపోవడం అన్న సంగతే అందరూ మరిచిపోయారు, చిక్కంతా అక్కడ వచ్చింది.

పైగా దిండు నిజంగానే పనిచేసేది. చాలామందికి కొద్ది రోజుల్లో నొప్పి తగ్గేది, రక్తం ఆగేది. తగ్గినవాడు టీ గ్లాసు పట్టుకుని గుమ్మంలో నిలబడి నీ చేతిలో ఏదో ఉందక్కా అని మెచ్చుకుని వెళ్లేవాడు. మొలలు కొన్నాళ్లు బాధపెట్టి కొన్నాళ్లు వాటంతటవే సద్దుమణుగుతాయని ఒక్కడికీ తట్టలేదు. కీర్తంతా దిండుకే పోయింది. ఆమె కూడా వద్దనలేదు, ఎందుకంటుంది?

అలాంటి సీట్లక్కకు చలికాలం మొదట్లో ఒక పొద్దున తనకే రక్తం కనపడింది. నీళ్లు పోసేసి, చేతులు కడుక్కుని, అద్దంలో మొహం చూసుకునేసరికి నవ్వొచ్చింది. ఇన్నేళ్లూ ఊరందరికీ సింహాసనాలు కుట్టాను, ఇక నా వంతొచ్చిందన్నమాట అనుకుంది. వయసు యాభై దాటింది, పొద్దున కూర్చుంటే సాయంత్రం దాకా మిషను మీంచి లేవదు, రాక ఏమవుతుంది?

అందరూ తిండికి వెళ్లిన వేళ తలుపు దగ్గరగా వేసి తన దిండు తానే కుట్టుకుంది. మిగిలిపోయిన ముక్కల్లో మేలైన రెగ్జిన్ ఏరుకుంది, స్పాంజి రెండు పొరలు వేసింది. పైన చదునుగా ఇంకో తొడుగు వేసి, చూసిన వాళ్లకు మామూలు దిండులా కనపడేట్టు చేసింది. ఆమెకు హారన్లు అక్కర్లేదు. ఇంట్లో మొగుడికి కూడా చెప్పలేదు. చెప్పడానికేముంది, వారం తిరిగేసరికి ఆగిపోయేదానికి?

ఆగలేదు. రోజు విడిచి రోజు కనపడుతూనే ఉంది. ఇక్కడ వేరే ఎవరైనా అయితే భయపడేవాళ్లు. సీట్లక్కకు కోపం వచ్చింది, అదీ దిండు మీద. తన చేతి దిండు ఇంతమందికి కుదిరి తనకు కుదరకపోవడమేమిటి? మధ్యలో ఖాళీ చాలలేదనుకుని విప్పి పెద్దది చేసింది. కొన్నాళ్లు చూసి, పీచు మరీ గట్టిగా ఉందనుకుని తీసేసి మెత్తటిది కూరింది. అప్పటికీ లాభం లేకపోయేసరికి కుట్టు లోపలి వైపుకు రావడమే తప్పనుకుని మొత్తం విప్పదీసి కుట్టు బయటికి తిప్పింది. ఒక బస్సుకు సరిపడా సీట్లు కుట్టే ఓపికంతా ఆ ఒక్క దిండు మీద ఖర్చు పెట్టింది. ఆమె తెలివితక్కువది కాదు. పని వచ్చిన మనిషి. పని వచ్చిన వాళ్లకే ఇలాంటి ముప్పు, ఏది పాడైనా తప్పు తమ పనిలోనే వెతుక్కుంటారు.

ఈలోగా ఒళ్లు వేరే కబుర్లు కూడా చెబుతూ వచ్చింది, ఆమె వినలేదు. కొన్ని రోజులు అసలు దొడ్డికే అయ్యేది కాదు, ఇంకొన్ని రోజులు నీళ్లలా అయ్యేది. వెళ్లొచ్చినా ఇంకా మిగిలిపోయినట్టే ఉండేది. రెండు సీట్లు ఎత్తితే ఆయాసం వచ్చి రేకుల గోడకు ఆనుకునేది. జాకెట్లు వదులయ్యాయి. దర్జీ పని చేతిలోనే ఉంది గనక పక్కల్లో ఓ కుట్టు లోపలికి లాగేసింది. కొన్నాళ్లకు మళ్లీ వదులైతే మళ్లీ లాగింది. ఏమైనా చెప్పండి, ఎప్పటినుంచో తగ్గాలనుకున్న ఒళ్లు ఇప్పటికి తగ్గిందని లోలోపల సంతోషపడింది కూడా.

ఆమె మొగుడు అదే గ్యారేజీలో ఇంజన్ల మెకానిక్కు. మాట చాలా పొదుపు. పెళ్లాం తన వాటా కూడా మాట్లాడేస్తుంది గనక ఆయనకు ఎప్పుడూ లోటు తెలియలేదు. మొహం పాలిపోయిందేమని ఒకసారి అడిగాడు. ఆ పాడు ట్యూబులైటు కింద కూర్చుంటే మీ ఇంజనైనా పాలిపోతుందని ఆమె కొట్టిపారేసింది.

ఎండలు మొదలయ్యాక ఒక సాయంత్రం ఇద్దరూ ఇంటి మెట్ల మీద కూర్చుని టీ తాగుతున్నారు. దిండు సంగతి ఆమె బుర్రను తొలిచేస్తోంది. విషయం బయటపెట్టకుండా పని మాటలాగా అడిగింది.

"ఏమండీ, ఒక సామాను మంచిదో కాదో తేలకపోతే మీరేం చేస్తారు?"

"తీసి ఇంకో బండికి వేసి చూస్తాం. అక్కడ బాగా నడిస్తే సామాను మంచిదే. రోగం మొదటి బండిలో ఉన్నట్టు," అన్నాడాయన. అని గ్లాసు అడుగున మిగిలింది తాగేసి లోపలికి వెళ్లాడు.

ఆ మాట ఆమెకు నచ్చింది. అదృష్టమో ఏమో, ఆ వారంలోనే పొడుగాయన వచ్చి గుమ్మంలో తల వంచుకుని నిలబడ్డాడు. బస్సు కప్పుకు తల తగిలేంత ఎత్తు గనక అతన్ని డిపో అంతా అలాగే పిలుస్తుంది. దూరం సర్వీసు నడుపుతాడు. సీట్లక్క కొత్తది కుట్టలేదు. తన దిండునే తీసి, రెండు తొడుగులూ పారేసి కొత్త తొడుగు ఎక్కించి అతనికిచ్చింది. ఎలా ఉందో తిరిగొచ్చి చెప్పి తీరాలని షరతు పెట్టింది. మర్నాడు పొద్దున యార్డులో హారన్లు మోగాయి.

కొన్నాళ్లకు పొడుగాయన నవ్వు మొహంతో వచ్చాడు. అక్కా, బంగారంలాంటి దిండు అన్నాడు. అంతకు ముందు కూర్చుంటే కత్తులు గుచ్చినట్టుండేదట, బయటికెళ్లాలంటే ప్రాణం పోయేదట, చుక్కలు చుక్కలుగా ఎర్రటి రక్తం పడేదట. ఇప్పుడు అన్నీ ఆగిపోయాయట. ఇంత బాగా కుదిరిన దిండు డిపోలో ఎవరి దగ్గరా లేదని కూడా అన్నాడు. అతను వెళ్లిపోయాక సీట్లక్క కత్తెర పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

దిండులో తప్పు లేదు. మరి తప్పు ఎక్కడున్నట్టు? పైగా కత్తులు గుచ్చినట్టు అంటున్నాడే, తనకు ఒక్కనాడూ నొప్పన్నదే లేదు. తనది చుక్కలుగా పడటం లేదు, మలంలోనే కలిసి ముదురు ఎరుపుగా వస్తోంది. ఇద్దరిదీ ఒకే జబ్బని తనకు ఎవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు. తనే అనుకుంది.

అప్పుడు గుర్తొచ్చాడు పాత డ్రైవరు ఒకాయన. దిండు సరిగ్గా కుదరలేదమ్మా అని రెండు సార్లు వెనక్కి తెచ్చాడు. రెండోసారి ఆమె ఆయన మీద ఒంటికాలి మీద లేచింది కూడా. అందరికీ కుదిరింది మీకెందుకు కుదరదు, కూర్చోవడం చేతకాక నా పనికి వంకలు పెడతారా అని. ఆయన దిండు తీసుకుపోయాడు. ఆ తర్వాత చిక్కిపోయాడు, సెలవు పెట్టాడు, పోయాడు. ఏ జబ్బుతో పోయాడో ఆమె కనుక్కోలేదు, ఇప్పుడు కనుక్కునే దారీ లేదు. అది తలుచుకునేసరికి కత్తెర బల్ల మీద పెట్టేసింది. చలికాలం నుంచీ రాని భయం అంతా ఒక్కసారే వచ్చింది. ఆమెకు బతకాలని ఉంది. ఆ ముక్క తనలో తను అంత స్పష్టంగా ఎప్పుడూ అనుకోలేదు.

ఒకసారి తేలాక నాన్చడం ఆమెకు చేతకాదు. మిషను ఆపి తిన్నగా గ్యారేజీలోకి నడిచింది. మొగుడు ఒక బస్సు కింద పడుకుని ఉన్నాడు, కాళ్లు మాత్రం కనపడుతున్నాయి. ఆ కాళ్లతోనే చెప్పింది.

"ఏమండీ, రోగం బండిలోనే ఉంది. నాకు దొడ్డికెళితే రక్తం పడుతోంది. చలికాలం నుంచీ."

ఆయన బస్సు కింద నుంచి బయటికి రావడానికి కాసేపు పట్టింది. లేచి నిలబడి గుడ్డపీలికతో చేతులు తుడుచుకున్నాడు. మసి పోయాక కూడా తుడుచుకుంటూనే ఉన్నాడు. నాకెందుకు చెప్పలేదని అడగలేదు, ఒక్క మాట తిట్టలేదు. బట్టలు మార్చుకుని రా, వెళదాం అన్నాడు. ఆ గొంతు విన్నాకే ఆమెకు కళ్లలో నీళ్లు తిరిగాయి. అంత పెద్ద నోరున్న మనిషి దారి పొడవునా ఆయన మోచెయ్యి పట్టుకునే నడిచింది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ ఆమె కన్నా బాగా చిన్నది. కంగారు లేని మనిషి. రక్తం విడిగా పడుతోందా కలిసి వస్తోందా, ఏ రంగు, మలం తీరు మారిందా, ఒళ్లు తగ్గిందా, ఇంట్లో ఎవరికైనా పేగు జబ్బులున్నాయా అని ఒక్కొక్కటే అడిగింది. జాకెట్లు రెండు సార్లు కుట్టు లాగిన సంగతి సీట్లక్క అప్పుడు చెప్పింది. తన తండ్రి కడుపులో గడ్డతో పోయాడని, ఏం గడ్డో అప్పట్లో అడిగిన వాళ్లు లేరని కూడా చెప్పింది. డాక్టరమ్మ పక్కకు తిరిగి పడుకోమని, తొడుగు వేసుకున్న వేలితో లోపల పరీక్ష చేసింది. క్షణంలో అయిపోయింది. దీనికా ఈ మగాళ్లందరూ ఇన్నేళ్లుగా హడలి చస్తున్నదని సీట్లక్క ఆశ్చర్యపోయింది.

తర్వాత దిండు కథంతా విప్పింది. విప్పదీసి కుట్టడం, పొడుగాయన మీద పరీక్ష పెట్టడం, అన్నీ. డాక్టరమ్మ నవ్వలేదు.

"రక్తం కనపడ్డ వాళ్లలో చాలామందికి మొలలో, చర్మం చీలికో ఉంటుందమ్మా. మీ డ్రైవర్లలో ఎక్కువమందికి అదే అయ్యుంటుంది. కానీ మొలలే అని తేల్చాల్సింది చూసిన వాళ్లు, కూర్చున్న వాళ్లు కాదు," అంది.

"నాకు నొప్పి లేదు కదా డాక్టరమ్మా?"

"నొప్పి లేకపోతే మంచిదేనని ఎవరు చెప్పారు? లోపల పెరిగేవి చాలాకాలం నొప్పి పెట్టవు. ఒక్కసారి రక్తం కనపడినా వచ్చి చెప్పాలి. మళ్లీ మళ్లీ పడుతున్నా, మీకులాగా మలం తీరు మారినా, ఒళ్లు తగ్గినా, ఊరికే అలిసిపోతున్నా అసలు వాయిదా వెయ్యకూడదు. అదే నల్లగా తారులా అయినా, గడ్డలు గడ్డలుగా ఎక్కువ రక్తం పోయినా, కళ్లు తిరిగినా, కడుపులో ఓర్చుకోలేని నొప్పి వచ్చినా నా గది ముందు వరసలో కూర్చోవద్దు. తిన్నగా అత్యవసర విభాగానికి వెళ్లిపోవాలి, అది ఏ వేళైనా సరే."

ఏమైనా తింటే రంగు మారుతుందా అని మొగుడు అడిగాడు. ఆసుపత్రిలో ఆయన మాట్లాడింది అదొక్కటే. బీట్‌రూట్ తింటే ఎర్రగా, ఐరన్ మాత్రలు వేసుకుంటే నల్లగా కనపడొచ్చని, అలాగని ఇంట్లో కూర్చుని అదేలే అనుకోవద్దని డాక్టరమ్మ చెప్పింది. రక్తం తీసి చూస్తే సీట్లక్క ఒంట్లో ఉండాల్సినంత రక్తం లేదు. పెద్దపేగు లోపలికి కెమెరా ఉన్న సన్నటి గొట్టం పంపి చూడాలని రోజు ఖాయం చేశారు.

ముందు రోజంతా పేగు కడగడానికి మందు నీళ్లు తాగించారు. ఆ మందు తాగడం కన్నా రెగ్జిన్ జిగురు తాగడం నయమని సీట్లక్క నర్సుతో తగాదా పెట్టుకుంది, తగాదా పెట్టుకుంటూనే చివరి చుక్క దాకా తాగింది. గొట్టం పంపినప్పుడు మత్తిచ్చారు, ఆమెకేమీ తెలియలేదు. లేచాక డాక్టరమ్మ మంచం పక్కకు కుర్చీ లాక్కుని కూర్చుంది. ఆమె మాటలు వెతుక్కుంటోందని సీట్లక్క కనిపెట్టింది.

"ఉన్నది ఉన్నట్టు చెప్పండి డాక్టరమ్మా. నేను వినగలను."

పేగు ఎడమ వైపు గడ్డ ఒకటి ఉందని, ముక్క తీసి పరీక్షకు పంపామని, చూస్తే కేన్సర్‌లాగే ఉందని డాక్టరమ్మ చెప్పింది. పరీక్షలోనూ అదే తేలింది. మిగతా ఒళ్లంతా స్కాన్ తీస్తే ఎక్కడికీ పాకినట్టు కనపడలేదు. ఆ భాగం కోసి తీసేస్తే సరిపోవచ్చని, తీసి చూస్తే గానీ పూర్తిగా చెప్పలేమని అన్నారు. మొగుడు వరండాలోకి వెళ్లి గోడ వైపు తిరిగి ఏడ్చాడు. సీట్లక్కకు కిటికీలోంచి ఆయన వీపు కనపడుతోంది. ముప్పై ఏళ్ల కాపురంలో ఆయన్ని అలా చూడలేదు. నాకు నా దిండు ముఖ్యమైపోయి ఈయనకు ఈ గతి పట్టించాను కదా అని తనను తాను తిట్టుకుంది.

ఆపరేషను చేసే పెద్ద డాక్టరు వచ్చి ఏం చేస్తారో బొమ్మ గీసి చూపించాడు. పేగులో పాడైన ముక్క తీసేసి, అటు కొసా ఇటు కొసా కలుపుతామన్నాడు. సీట్లక్క ఆ బొమ్మను పని తెలిసిన వాళ్లు పనిని చూసినట్టు చూసింది.

"దేంతో కలుపుతారు?"

"కొంత పిన్నులతో, కొంత కుట్టుతో."

"కుట్టు ఒంటి వరసా, జంట వరసా?"

ఎంతమంది రోగులను చూసినా ఆయన ఆ ప్రశ్న విని ఉండడు, బొమ్మ మీంచి తలెత్తాడు. ఎక్కడ ఏ కుట్టు వేస్తాడో, ఎందుకు వేస్తాడో నిజంగానే విడమరిచి చెప్పాడు. ఆమె అంతా విని, అయితే పర్వాలేదు, లాగుడు పడే చోట బిగువు చూసుకోండి అని అప్పగింతలు పెట్టింది. చూసుకుంటానమ్మా అని ఆయన మాటిచ్చాడు. ఆ మాట విన్నాక ఆమె భయం సగం తగ్గింది. కుట్టు తెలిసిన వాడి చేతిలో పడ్డాననుకుంది.

ఆపరేషను బాగా జరిగింది. తీసిన ముక్కను పరీక్షిస్తే గడ్డ పేగు గోడ దాటలేదని, చుట్టూ ఉన్న గ్రంథుల్లోకి చేరలేదని తేలింది. వేరే మందులు అక్కర్లేదు, చెప్పినప్పుడల్లా వచ్చి చూపించుకుంటే చాలన్నారు. మొదటిసారి రక్తం కనపడ్డప్పుడే వచ్చి ఉంటే ఏమయ్యేదని సీట్లక్క అడిగింది. అప్పుడు ఇంకా చిన్నదిగా ఉండేదేమో, మాకు పని ఇంకా సులువయ్యేదేమో అంది డాక్టరమ్మ. మరి వచ్చే చలికాలం దాకా దిండు కుట్టుకుంటూ కూర్చుంటే? ఆ మాటకు డాక్టరమ్మ ఆమె చెయ్యి నొక్కింది. సీట్లక్కకు అర్థమైంది.

కోలుకుని డిపోకు తిరిగొచ్చిన రోజున యార్డులో బళ్లన్నీ హారన్ కొట్టాయి. ఆమె చెయ్యెత్తి ఆపింది. టీ వేళకు అందరూ పోగయ్యాక ఒక ఖాళీ సీటు చట్రం మీదికెక్కి నిలబడి, ఏమైందో, ఎక్కడైందో, ఎలా తెలిసిందో ఒక్క ముక్క దాచకుండా చెప్పింది. రక్తం అంది, దొడ్డి అంది, కేన్సర్ అంది. మొగుళ్లు, తండ్రులు, తాతలైన ఆ మగాళ్లందరూ తమ బూట్లకేసి చూసుకున్నారు. ఇకనుంచి డాక్టరుకు చూపించుకున్న వాడికే దిండు, చూపించుకోని వాడికి నా గుమ్మం కూడా లేదు అని తేల్చేసింది. వెనక నుంచి ఎవడో, అక్కా మరి పట్టాభిషేకమో అన్నాడు. ముందు వెళ్లి ప్యాంటు విప్పి రా నాయనా, తర్వాత నేనే స్వయంగా హారన్ కొడతానంది. నవ్వులు లేచాయి, ఆ నవ్వుల్లోనే కొంతమంది గొంతు సవరించుకున్నారు.

మొదట వెళ్లింది పొడుగాయనే. చీలిక పడిందని తేల్చి పూత మందిచ్చారు, నీళ్లు, కూరగాయలు ఎక్కువ తీసుకోమన్నారు. అతని వెనక ఒక్కొక్కరూ కదిలారు. ఎక్కువమందికి మొలలే. ఒకడికి పేగులో చిన్న మొటిమలాంటిది కనపడితే, చెడ్డగా మారకముందే గొట్టంతోనే తీసేశారు. చూపించుకుని వచ్చిన ప్రతివాడికీ సీట్లక్క సంతోషంగా దిండు కుట్టి ఇచ్చింది. దిండు మీద ఆమెకు కోపమేమీ లేదు.

ఒక మధ్యాహ్నం కండక్టరమ్మ ఒకామె టికెట్ల సంచి పట్టుకుని ఆ గదిలోకి వచ్చింది. పట్టీ ఊడిందట, కుట్టాలట. సీట్లక్క చూస్తే పట్టీ శుభ్రంగా ఉంది. ఆమె కూర్చోలేదు, వెళ్లనూ లేదు. ఇన్నేళ్లలో ఆ గుమ్మంలోకి ఈ పని మీద ఒక్క ఆడమనిషి రాలేదని సీట్లక్కకు అప్పుడు తట్టింది. కండక్టర్లలో సగం మంది ఆడవాళ్లే, వాళ్లెవరికీ రక్తం పడలేదా? పడే ఉంటుంది. మగాళ్లకు హారన్లయినా ఉన్నాయి, వీళ్లకు అవీ లేవు. తనకు మటుకు ఏమున్నాయి?

"ఎవరితోనూ అనకక్కా," అంది కండక్టరమ్మ.

సీట్లక్క కత్తెర అందుకోలేదు. మిషను స్విచ్చు ఆపి, తన సంచి భుజానికి తగిలించుకుంది.

"పద."

"ఇప్పుడా? నాకు డ్యూటీ ఉందక్కా."

"డ్యూటీ సంగతి నేను చూసుకుంటాను. నువ్వు నడు."

గేటు దగ్గర నిలబడి ఉన్నది పొడుగాయన బస్సు. అప్పటికే సగం నిండింది. కండక్టరమ్మ తల దించుకుని ఎక్కింది, వెనకే సీట్లక్క ఎక్కింది. పొడుగాయన వెనక్కి తిరిగి, ఇద్దరూ ఎక్కడికి బయల్దేరారక్కా అని ఆప్యాయంగా అడిగాడు. ముందు సీట్లలో వాళ్లు కూడా చూశారు. సీట్లక్క జీవితంలో అబద్ధం ఆడటానికి తడుముకున్నది లేదు, నిజం చెప్పడానికీ లేదు. కానీ ఇది తన సంగతి కాదు, ఆ పిల్ల పరువు. బట్టలు కొనుక్కోవడానికి అనే మాట నాలిక చివరికి తెచ్చుకుంది.

కండక్టరమ్మ తలెత్తింది.

"ఆసుపత్రికి అన్నా. నాకు రక్తం పడుతోంది. చూపించుకోవాలి," అంది, టికెట్లు అడిగే గొంతుతోనే, బస్సులో అందరికీ వినపడేట్టు.

కూర్చోండమ్మా అని, పొడుగాయన టైము కాకుండానే బండి తీశాడు.